నేలపట్టు... పక్షులకు పుట్టిల్లు

జనవరిలో పండగ చూసి తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. కానీ అసలు చూడాల్సింది ఆ తర్వాతే... మాఘం వెళ్లి ఫాల్గుణం వస్తున్న వేళ, గూళ్లలో పిల్లలకు రెక్కలొస్తున్నప్పుడు!

'శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది' అంటారు. శివరాత్రి అయి వారం దాటినా ఆ తెల్లవారుజామున తిరుపతిలో బయల్దేరేటప్పుడు మాత్రం శాలువాలు తీయాల్సే వచ్చింది. ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో ఇడ్లీలు, మా పాప మెడలో ఎవరినో అడిగి తెచ్చుకున్న బైనాక్యులర్. వెనక సీట్లో మా అత్తమ్మ.

"కొంగల్ని చూసేదానికి ఇంత పొద్దున్నే లెయ్యాల్నా? మా ఊరి చెరువులో చూడని కొంగలా?" అని ఆమె సణుగుడు.

ఆమెను తప్పు పట్టలేను. రెండేళ్ల కిందట పిల్లలకు సెలవులిచ్చారు కదా అని మే నెలలో, అదీ మిట్టమధ్యాహ్నం, మమ్మల్నందర్నీ నేలపట్టుకు తీసుకెళ్లింది నేనే! బీటలు వారిన చెరువు, ఖాళీ గూళ్లు, నెత్తి మాడిపోయే ఎండ తప్ప ఏమీ లేవు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరైనా పనికిమాలిన పని చేస్తే "నేలపట్టు పోయొచ్చినట్టుంది" అనడం అలవాటైపోయింది. ఆ మాట మాపుకోవాలనే ఈసారి కాలం చూసుకుని, వేళ చూసుకుని మరీ బయల్దేరాను.

శ్రీకాళహస్తి, నాయుడుపేట దాటి చెన్నై వైపు జాతీయ రహదారి మీద కొంత దూరం వెళ్తే దొరవారిసత్రం మండలంలో ఉంటుంది నేలపట్టు. ఇదివరకు నెల్లూరు జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. దీన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది మాత్రం 1976లో. చెరువు, చుట్టూ చిట్టడవి కలిపి మొత్తం 458 హెక్టార్ల పైచిలుకు. మరీ పెద్దదేం కాదు. అయినా మన దేశంలో గూడబాతులు గుంపులు గుంపులుగా వచ్చి పిల్లల్ని కనే పెద్ద తావుల్లో ఇదొకటి.

ముందు చెవికే తెలుస్తుంది

చెరువు కంటబడక ముందే గోల వినిపిస్తుంది. సంతలో వంద మేకపిల్లలు ఒక్కసారే అరుస్తున్నట్టు! తర్వాత వాసన... చేపల నీచు, రెట్టల ఘాటు. మా పాప ముక్కు మూసుకుంది. చెట్ల మధ్య బాటలో నడిచి కట్ట ఎక్కేసరికి ముక్కు మీది చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

చెరువు నీళ్లలో నడుముదాకా మునిగి నిలబడ్డ కడప చెట్లు. మన కడప ఊరితో వీటికి సంబంధం లేదు. నీళ్లలో నెలల తరబడి నిలిచినా కుళ్లని చెట్టు ఇది. ప్రతి చెట్టూ తెల్లగా పూసినట్టుంది. చూడగా చూడగా ఆ పువ్వులు కదులుతున్నాయి! ఒక్కో చెట్టు మీద పదులకొద్దీ గూళ్లు. ఒక్కో గూటిలో రెండు మూడు తలకాయలు.

పెద్ద గూడబాతులు నోరు విప్పడమే అరుదు. గోలంతా పిల్లలదే.

"పిల్లలున్న ఇల్లంటే ఇంతే గదా!" అంది అత్తమ్మ. సణుగుడు ఆగిపోయింది.

సైబీరియావి కాదు, మనవే!

ఇక్కడికొచ్చే చాలామంది పిల్లలకు "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అని చెప్తుంటారు. నేనూ అలాగే చెప్పేదాన్ని. నిజానికి నేలపట్టులో గూడు కట్టే పక్షుల్లో ముఖ్యమైనవన్నీ మన దేశానివే. గూడబాతు, నత్తగుల్ల కొంగ, తెల్ల కంకణం, తెడ్డుమూతి కొంగ, నీటికాకి... ఇవి నీళ్లూ మేతా ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ, పురుటి వేళకు నమ్మకమైన తావు వెతుక్కుని వస్తాయి. చలికి తాళలేక ఉత్తరాది దేశాల నుంచి హిమాలయాలు దాటి వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి. అవి ఇక్కడ గుడ్లు పెట్టవు. నాలుగు నెలలు తిని, బలం పుంజుకుని, ఎండలు ముదరకముందే వెళ్లిపోతాయి.

అంటే ఒకే చెరువులో రెండు రకాల అతిథులన్నమాట. ఒకరు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు. ఇంకొకరు పురుటికి పుట్టింటికి వచ్చినవాళ్లు.

కార్తీకంలోనే ఎందుకు?

చాలా ప్రాంతాల్లో చెరువులు నిండేది ఆషాఢ శ్రావణాల్లో. మన ఈ కొస జిల్లాలకు మాత్రం ఈశాన్య రుతుపవనాలే దిక్కు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్లో, వాయుగుండాలో వస్తేనే చెరువు నిండుతుంది. గూడబాతులు అక్టోబరులో మొదలుపెట్టి వచ్చి చెట్లు చూసుకుంటాయి. మగది పుల్లలు తెస్తుంటే ఆడది గూడు అల్లుతుంది. రెండు మూడు గుడ్లు పెడుతుంది. సుమారు నెల రోజులు పొదగాలి. పిల్ల బయటికొచ్చాక ఎగిరేదాకా ఇంకో మూడు నాలుగు నెలలు. లెక్క వేయండి... ఫిబ్రవరి, మార్చి వచ్చేస్తుంది. సరిగ్గా చెరువులో నీళ్లు తగ్గిపోయే కాలం!

మనం చూడాల్సింది ఈ పరుగు పందెమే. ఒకవైపు పిల్లల రెక్కలు పెరుగుతుంటాయి. ఇంకోవైపు నీళ్లు తరుగుతుంటాయి. ఏది ముందు?

గొంతులో తల పెట్టి భోజనం

గూడతో పొలానికి నీళ్లు తోడడం చూసినవాళ్లకు ఈ పక్షి పేరు గురించి వేరే చెప్పక్కర్లేదు. ముక్కు కింద వేలాడే పెద్ద సంచి. నీళ్లతో సహా చేపల్ని తోడి, నీళ్లు వదిలేసి చేపల్ని మింగేస్తుంది. రెక్కలు చాపితే ఈ కొసనుంచి ఆ కొసకు ఏడడుగులకు తక్కువ ఉండదు. అంత పక్షి వచ్చి సన్నటి కొమ్మ మీద వాలుతుంటే చెట్టంతా ఊగిపోతుంది.

మా ఎదురుగా ఒక గూటికి తల్లో తండ్రో వచ్చి వాలింది. గూడబాతుల్లో ఆడా మగా చూడ్డానికి ఒకేలా ఉంటాయి. పిల్లల్ని సాకడం కూడా ఇద్దరూ పంచుకుంటారు. వాలీ వాలగానే రెండు పిల్లలూ మీద పడ్డాయి. ఒకటైతే ఏకంగా తల్లి నోట్లోకి తల దూర్చేసింది. తల, మెడ... భుజాల దాకా లోపలికి! మా పాప భయపడి "అవ్వా, మింగేస్తోంది!" అని అరిచింది.

"మింగడం లేదే... పిల్లే అమ్మను తినేస్తా ఉంది. చూడు ఆ పీకుడు! మీ నాన్న చిన్నప్పుడు ఇంతే" అంది అత్తమ్మ నవ్వుతూ.

ఎండ కొంచెం ఎక్కాక ఇంకో చెట్టు మీద నత్తగుల్ల కొంగ గూడు దగ్గర రెక్కలు గొడుగులా చాచి నిలబడింది. దాని నీడలో మూడు పిల్లలు. ఎండ తిరిగినప్పుడల్లా అదీ కొద్దికొద్దిగా తిరుగుతోంది. దాని రెండు ముక్కుల మధ్య సందు ఉంటుంది. మూసినా పూర్తిగా మూతపడదు. నత్తగుల్లల్ని పట్టి లోపలి మాంసాన్ని లాగడానికి పనికొచ్చే ముక్కు అది. వరి మళ్లలో నత్తలు తినే పక్షి కాబట్టి రైతుకూ చుట్టమే.

రెక్కలొచ్చే రోజులు

కట్ట మీద మేకలు తోలుకుపోతున్న ఒకామె మమ్మల్ని చూసి ఆగింది.

"ఆ కొస చెట్టు చూడండమ్మా. ఆ పిల్ల రెండు దినాలుగా అట్నే చేస్తా ఉండాది" అని చెయ్యి చూపించింది.

కొమ్మ చివర ఒక పిల్ల గూడబాతు. పిల్ల అంటే పేరుకే. తల్లంత ఉంది. ఒళ్లు ఇంకా గోధుమ బూడిద రంగు. రెక్కలు చాపి టపటపా కొట్టుకుంటుంది, కాళ్లు కొమ్మ మీంచి ఒక జానెడు లేస్తాయి, మళ్లీ కొమ్మను గట్టిగా పట్టుకుంటుంది. కాసేపు ఊరుకుంటుంది. మళ్లీ అదే. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఇడ్లీల సంగతి కూడా మర్చిపోయాం.

ఎంతసేపయిందో తెలీదు. ఒక గాలి వచ్చింది. పిల్ల కొమ్మ వదిలేసింది. ముందు రాయిలా కిందికి జారింది. మా పాప కళ్లు మూసుకుంది. నీళ్లకు మూరెడు పైన రెక్కలు గాలిని పట్టుకున్నాయి. బరువుగా, వంకరటింకరగా చెరువు మధ్యదాకా వెళ్లి, దభీమని నీళ్లలో పడింది. అలా పడి, ఏమీ ఎరగనట్టు ఈత కొట్టడం మొదలుపెట్టింది!

మేకలామె చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇంక ఫరవాలేదు. నీళ్లుండాయి గదా, పడినా బతుకుతుంది" అంది.

నీళ్లే ప్రహరీగోడ

ఆ చివరి మాట మళ్లీ చదవండి. నేలపట్టు గుట్టంతా అందులోనే ఉంది. చెట్ల చుట్టూ నీళ్లున్నంత కాలం గూటికి ప్రహరీగోడ ఉన్నట్టే. నక్కలు, కుక్కలు, అడవి పిల్లులు దగ్గరికి రాలేవు. పిల్ల జారి పడినా దెబ్బ తగలదు. తల్లికి మేత దగ్గర్లో దొరుకుతుంది. నీళ్లు ఎండితే ఈ మూడూ పోతాయి. వానలు ముఖం చాటేసిన ఏడాది చాలా పక్షులు అసలు గూడే కట్టవు. పుట్టింట్లో జరుగుబాటు లేదని తెలిస్తే ఏ కూతురు మాత్రం పురుటికొస్తుంది?

ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉంది. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు వేసినంత బలమని ఇక్కడి రైతుల నమ్మకం. అందుకే గూళ్ల జోలికి ఎవరూ పోరు.

ఇలాంటి ఊళ్లు మనకు ఇంకా ఉన్నాయి. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలంలోని వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చెరువులో కాదు, ఊరి నడిమధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. చలి చివర్లో వచ్చి వేసవి దాటాక వెళ్తాయి. పక్షులు బెదురుతాయని ఆ ఊరివాళ్లు టపాకాయలు కాల్చరు. ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినట్టే భావిస్తారు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ అదే మాట, అదే మర్యాద. ఆ కొస నుంచి ఈ కొస దాకా ఎవరూ ఎవరికీ నేర్పకుండానే పల్లెలన్నీ ఒకే పోలిక పెట్టుకున్నాయంటే ఆశ్చర్యంగా లేదూ?

నేలపట్టు చుట్టూ ఉన్న చిట్టడవిలో పగలు కనబడని ఇంకో బుల్లి జీవి కూడా ఉంటుంది. దేవాంగ పిల్లి. గుప్పెడంత ఒళ్లు, గోలీల్లాంటి కళ్లు. రాత్రిళ్లు పురుగుల్ని వేటాడుతుంది. మేం చూడలేదు. చూసినవాళ్లు అదృష్టవంతులు.

ఇక పులికాట్‌కి...

నేలపట్టు నుంచి సూళ్లూరుపేట దాదాపు 20 కిలోమీటర్లు. కాళంగి ఒడ్డున ఉన్న చెంగాళమ్మను దర్శించుకుని శ్రీహరికోట రోడ్డు పట్టాం. రోడ్డు సరాసరి పులికాట్ సరస్సు మధ్యలోంచి వెళ్తుంది. రెండు వైపులా కనుచూపు మేర నీళ్లు. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అంత పెద్దదైనా లోతు సగటున ఒక మీటరే. ఆ లోతు లేకపోవడమే పొడుగుకాళ్ల పక్షులకు వరం.

అటకానితిప్ప దగ్గర ఆగాం. దూరంగా నీళ్ల మీద గులాబీ రంగు గీత. బైనాక్యులర్‌లో చూస్తే ఆ గీత వందల పక్షులైంది. ఫ్లెమింగోలు! ఇక్కడివాళ్లు సముద్రపు రామచిలుకలంటారు. తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, వంకర ముక్కుతో బురదనీళ్లు పీల్చి వడగట్టుకుంటాయి. మనం జల్లెడ పట్టినట్టే. ఆ నాచులోనూ చిన్న చిన్న రొయ్యల్లాంటి పురుగుల్లోనూ ఉన్న రంగే వాటి ఒంటికి ఎక్కుతుంది. తిండి మారితే రంగు వెలిసిపోతుంది.

ఇవి ఇక్కడికి వచ్చేది మేతకే. మన దేశంలో వీటి పెద్ద పురుటిగడ్డ గుజరాత్‌లోని కచ్ రణ్. అక్కడ మట్టి దిమ్మె కట్టుకుని ఒకే ఒక్క గుడ్డు పెడతాయి. పిల్లకు తల్లీ తండ్రీ ఇద్దరూ గొంతులో ఊరే పాలలాంటి ద్రవం పడతారు. ఆ బలమంతా ఎక్కడిది? ఇలాంటి సరస్సుల్లో మేసిన మేతదే.

2001లో సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ మొదలైంది. 2020 తర్వాత కొన్నేళ్లు ఆగి, 2025 జనవరిలో మళ్లీ జరిగింది. పండగ జనం వెళ్లిపోయాక, ఇలా ఫిబ్రవరి చివర్లో వస్తే రోడ్డు ఖాళీ, సరస్సు నిండుగా.

ఆ బురదలోనే ఆ చేతులు

పక్షుల గుంపుకు ఇవతల మోకాలి లోతు నీళ్లలో నలుగురు స్త్రీలు వంగి నడుస్తున్నారు. వలల్లేవు. రెండు చేతులతో అడుగు బురద తడుముతూ రొయ్యల్ని పట్టి బుట్టలో వేసుకుంటున్నారు. ఈ తీరంలో తరతరాలుగా సాగుతున్న పని ఇది. ముందు వాళ్లూ, వెనక ఫ్లెమింగోలూ. ఇద్దరూ వంగి, ఇద్దరూ అదే బురదలో, ఇంచుమించు అదే తిండి కోసం!

పులికాట్ బతకాలంటే సముద్రపు నీళ్లు లోపలికి రావాలి. వాటితో పాటే రొయ్య పిల్లలూ చేప పిల్లలూ వస్తాయి. ఆ నీళ్లు వచ్చే దారుల్నే ముఖద్వారాలంటారు. మన వైపు రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుక మేటలతో పూడుకుపోతుంటాయి. పూడిక తీయండని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. సరస్సు ఉత్తర భాగమైతే ఎండాకాలం వచ్చేసరికి ఉప్పు పేరుకున్న మైదానమైపోతుంది. ముఖద్వారం మూసుకుంటే ముందు బుట్టలో రొయ్య తగ్గుతుంది, ఆ తర్వాత ఆకాశంలో పక్షి తగ్గుతుంది. ఆ నలుగురు స్త్రీల కష్టమూ, ఆ గులాబీ గీత అందమూ వేర్వేరు సంగతులు కావు.

ఇరాన్‌లోని రామ్‌సర్‌లో 1971 ఫిబ్రవరి 2న చిత్తడి నేలల్ని కాపాడాలని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. అందుకే ఏటా ఆ తేదీన చిత్తడి నేలల దినోత్సవం జరుపుతారు. చిత్తడి నేల అంటే ఎక్కడో ఉండే సరస్సే కానక్కర్లేదు. మన ఊరి చెరువు కూడా అదే.

అత్తమ్మ పుట్టిల్లు

తిరుగు ప్రయాణంలో అత్తమ్మే అడిగింది, "పిచ్చాటూరు మీదుగా పోదామా?" అని. ఆమె పుట్టినూరు ఆ చుట్టుపక్కలే. సత్యవేడు, నాగలాపురం దాటి వెళ్లాం. అక్కడి ఆరణి ఏరు తమిళనాడులోకి వెళ్లి, తిరిగి తిరిగి పులికాట్ దక్షిణపు కొసలోనే కలుస్తుందని చెప్పాను.

"అట్లయితే మా పుట్టింటి నీళ్లు కూడా ఆ పక్షులకే పోతా ఉన్నాయా!" అని ఎంత మురిసిపోయిందో.

ఊరి బయట కారు ఆపమంది. "ఇదే మా చెరువు" అని చూపించింది. ఎటు చూసినా కంపచెట్లు. ఒక పక్క మట్టి తోలిన గోతులు, ఇంకో పక్క ఇళ్ల పునాదులు. పొద్దున కారులో "మా ఊరి చెరువులో చూడని కొంగలా" అన్న మనిషి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఒక గోతిలో కాస్త నీళ్లు మిగిలాయి. దాని ఒడ్డున ఒకే ఒక నత్తగుల్ల కొంగ. మా పాపే ముందు చూసింది. ముక్కు సందును బట్టి ఇట్టే గుర్తుపట్టేసింది.

"నా మూడు పురుళ్లూ ఇక్కడే. నేనొస్తున్నానని తెలిస్తే మా అమ్మ చేసే మొదటి పని ఏందో తెల్సా?" అంది అత్తమ్మ మెల్లగా. "పెరట్లో నీళ్ల తొట్టి నింపి పెట్టేది. తక్కినవన్నీ ఆ తర్వాతే."

ఇంటికొచ్చాక ఆమె ఆ ఊళ్లో ఉన్న తమ్ముడి కొడుక్కి ఫోన్ చేసింది. చెరువు గురించి ఊళ్లో ఎవర్ని అడగాలి, ఎప్పుడు అడగాలి అని. ఆ ఫోన్ ఇంకా అవలేదు... వారానికోసారి చేస్తూనే ఉంది. మా ఇంట్లో 'నేలపట్టు పోయొచ్చినట్టుంది' అనే మాటకు ఇప్పుడు అర్థం మారిపోయింది.

మీరూ వెళ్లాలనుకుంటే...

* నేలపట్టుకు డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా మంచి కాలం. పిల్లలు ఎగరడం చూడాలంటే ఫిబ్రవరి రెండో సగం. ఆ ఏడు వానల్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

* తెల్లవారి 6 నుంచి 9 లోపు, లేదా సాయంత్రం 4 తర్వాత వెళ్లండి. మధ్యాహ్నం వెళ్తే మా మొదటి ప్రయాణమే అవుతుంది!

* తిరుపతి నుంచి శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వెళ్లొచ్చు. రైలులో వచ్చేవాళ్లకు గూడూరు - చెన్నై దారిలో సూళ్లూరుపేట స్టేషన్ అనువుగా ఉంటుంది.

* మెరిసే చీరలు, ముదురు ఎరుపు పసుపు దుస్తులు వద్దు. ఆకుపచ్చ, మట్టి రంగులు మేలు. ఘాటైన సెంట్లు కూడా వద్దు.

* తాగే నీళ్లు, తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. ఖాళీ కవర్లు, సీసాలు మళ్లీ మీతోనే రావాలి.

* గూళ్ల దగ్గర అరుపులు, చప్పట్లు, ఫోన్ పాటలు వద్దు. తల్లి బెదిరి లేచిపోతే గూట్లో పిల్లలు ఎండకు, కాకులకు దొరికిపోతాయి.

* బైనాక్యులర్ ఒకటి దొరికినా ఇంటిల్లిపాదికీ చాలు. పిల్లల చేతికి నోట్‌బుక్ ఇచ్చి చూసిన పక్షుల్ని రాయమనండి. ఏటా జనవరిలో ఆసియా దేశాల్లో జరిగే నీటిపక్షుల లెక్కింపు 1987లో మొదలైంది. అందులో మామూలు జనం కూడా పాలుపంచుకుంటారు. పక్షుల్ని గుర్తుపట్టడం అలవాటైతే మీరూ చేరొచ్చు.

* వెళ్లొచ్చాక ఒక్కసారి మీ ఊరి చెరువు కట్ట మీదికి కూడా వెళ్లి చూడండి. తొట్టి నిండుగా ఉందో లేదో!